నడుం నొప్పికి ఇంట్లో వ్యాయామం: ముందు మీ నడుం ఎటు వంగడానికి ఒప్పుకుంటుందో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 36. రోజుకు తొమ్మిది పది గంటలు కూర్చుని చేసే ఉద్యోగం, రానూ పోనూ 40 కిలోమీటర్లు బైకు. మూడు నెలలుగా నడుం కింది భాగంలో నొప్పి. అది కుడి పిరుదులోకి లాగుతుంది, అప్పుడప్పుడూ తొడ వెనక దాకా దిగుతుంది. పొద్దున లేచేసరికి నడుం బిగుసుకుపోయి ఉంటుంది, షూ లేసు కట్టుకోవాలంటే ప్రాణం మీదికొస్తుంది. ఎమ్మారైలో "ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్" అని రాశారు, అంటే నడుం కింది భాగంలో రెండు వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు కాస్త ఉబ్బిందని. ఆపరేషన్ అక్కర్లేదు, వ్యాయామం చేయమన్నారు డాక్టరు. వీడియోలు చూసి పొద్దున్నే సూర్యనమస్కారాలు, కాలి వేళ్ళు అందుకోవడం మొదలుపెట్టారు. చేసినప్పుడు హాయిగానే ఉంటుంది గానీ మధ్యాహ్నానికి నొప్పి ఎక్కువవుతోంది. ఏం చేయాలి, ఏం మానాలి?

సూటిగా చెప్తాను. ముందుకు వంగి సాగదీసేవన్నీ ఆరు వారాలు పక్కన పెట్టండి. బోర్లా పడుకుని నడుం వెనక్కి వంచే వ్యాయామం రెండు మూడు గంటలకోసారి చేయండి. రోజుకోసారి నడుం చుట్టూ ఉన్న కండరాలకు ఓపిక పెంచేవి మూడు చేయండి, పావుగంట పని. రోజూ నడవండి. కూర్చున్నచోటి నుంచి అరగంటకోసారి లేవండి. మీరు చెప్పిన లక్షణాలకు మొదట పనిచేసే అవకాశం ఉన్నది ఇదే. ఎందుకో, ఎలాగో, ఎక్కడ తప్పుతారో కింద రాస్తున్నాను.

అంతకంటే ముందు ఒక మాట. ఇవి ఉంటే వ్యాయామం జోలికి పోవద్దు. మూత్రం రావాల్సినప్పుడు రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. మలద్వారం చుట్టూ, తొడల మధ్య మొద్దుబారడం. రెండు కాళ్ళూ బలహీనపడటం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు, వీలైతే అదే గంటలో, ఆస్పత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే వెన్నుపూస క్షయ లాంటివి చూడాల్సి ఉంటుంది, మన దేశంలో అది అరుదేమీ కాదు. గతంలో క్యాన్సర్ ఉన్నవాళ్ళు, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్ళు, పెద్ద వయసులో జారిపడ్డాక నొప్పి మొదలైనవాళ్ళు కూడా ముందు డాక్టరుకు చూపించుకోవాలి. మీ వయసువాళ్ళు ఇంకోటి గమనించాలి. పొద్దున బిగుతు అరగంట దాటి ఉండి, విశ్రాంతి తీసుకుంటే పెరిగి, తిరిగితే తగ్గుతుంటే, ముఖ్యంగా రాత్రి రెండో సగంలో నొప్పితో మెలకువ వస్తుంటే, అది డిస్క్ కాక వెన్ను వాపు జబ్బు కావచ్చు. దానికి రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాతం జబ్బులు చూసే డాక్టరు, కావాలి.

కాలి బలం ఇంట్లోనే చూసుకోవచ్చు. గోడ పక్కన మడమల మీద పది అడుగులు వేయండి, తర్వాత మునివేళ్ళ మీద పది. ఒక పాదం ముందుభాగం పైకి లేవకపోయినా, ఒంటికాలి మునివేళ్ళ మీద లేవలేకపోయినా నరం నలుగుతోందని అర్థం. నడుస్తుంటే పాదం నేలకు తట్టుకోవడం, చెప్పు ముందుభాగం ఈడ్చుకుపోవడం కూడా అలాంటివే. అప్పుడు ఈ సమాధానం చదవడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

పొద్దున్నే ఎందుకు వంగకూడదు?

రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున మన ఎత్తు రాత్రి కంటే సెంటీమీటరు పైచిలుకు ఎక్కువగా ఉంటుంది. నిండా గాలి కొట్టిన ట్యూబులా ఉన్న ఆ డిస్కును అప్పుడు వంచితే దాని వెనక అంచు మీద పడే ఒత్తిడి పగటికంటే చాలా ఎక్కువ. లేచిన మొదటి గంటలోనే ఆ నీటిలో సగం దాకా బయటికి పోతుంది. కాబట్టి మొదటి గంట నడుం వంచకుండా జాగ్రత్తపడటమే ఒక వైద్యం. మీరు సరిగ్గా ఆ గంటలోనే పది నమస్కారాలు చేస్తున్నారు, ఒక్కో దాంట్లో రెండుసార్లు పాదహస్తాసనం. లెక్క మీరే వేసుకోండి.

మరి చేసినప్పుడు హాయిగా ఎందుకుందంటారా? సాగదీస్తే కండరంలోని పట్టు కాసేపు సడలుతుంది, మెదడుకు ఆ లాగుడే తెలుస్తుంది, నొప్పి మరుగున పడుతుంది. దోమకాటును గోకితే వచ్చే హాయి లాంటిది అది. నొప్పి ఉన్నచోట కండరం బిగుసుకునేది పొట్టిదైపోయి కాదు, లోపల ఉన్నదాన్ని కదలకుండా పట్టి ఉంచడానికి. దాన్ని పదేపదే లాగితే ఇంకా గట్టిగా బిగుస్తుంది.

ఎమ్మారై రిపోర్టు గురించి భయం వద్దు. నొప్పే లేనివాళ్ళకు స్కాన్ తీసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్క తేల్చారు. ఇరవై ఏళ్ళవాళ్ళలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. వాళ్ళెవరికీ నడుం నొప్పి లేదు. మా దగ్గరికి "నా డిస్క్ జారిపోయింది" అంటూ ఫైలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళలో చాలామంది నొప్పికంటే ఆ మాటకే ఎక్కువ భయపడి ఉంటారు. డిస్క్ సబ్బుబిళ్ళలా జారేది కాదు, పైన కిందా ఎముకలకు అతుక్కుని ఉంటుంది.

మొదటి పని: దిక్కు కనిపెట్టడం

1956లో న్యూజీలాండ్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక రోగి, తలవైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నాడు. నడుం అంతగా వెనక్కి వంగినా, లేచేసరికి కాలి నొప్పి పోయింది. అంతకుముందు మూడు వారాల వైద్యానికి అది లొంగలేదు. ఆ పరిశీలన నుంచి పుట్టిన పద్ధతే ఇది. నొప్పి ఎంత ఉందన్నదానికంటే అది ఎటు కదులుతోంది అన్నది ముఖ్యం. కాలి నుంచి తొడకు, తొడ నుంచి పిరుదుకు, పిరుదు నుంచి నడుం మధ్యకు వస్తోందంటే మంచి గుర్తు. నడుం మధ్యలో అప్పటికి కాస్త పెరిగినా సరే, దిక్కు సరైనదే. నడుంలో తగ్గి పిక్కలోకి దిగుతోందంటే మాత్రం ఆపేయాలి. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. "నడుం తేలికైంది, పిక్క లాగుతోంది అంతే" అని మురిసిపోతారు.

చేసే తీరు. నేల మీద చాప, దాని మీద దుప్పటి. పరుపు మీద చేయొద్దు, పొట్ట కిందికి దిగిపోయి నడుం సరిగా వంగదు.

ముందు బోర్లా పడుకుని, తల ఒక పక్కకు తిప్పి, చేతులు పక్కన వదిలేసి రెండు మూడు నిమిషాలు ఉండండి. తర్వాత మోచేతుల మీద లేవండి, పిల్లలు బోర్లాపడి పుస్తకం చూసేటప్పుడు ఉన్నట్టు. మోచేతులు సరిగ్గా భుజాల కింద ఉండాలి. మళ్ళీ రెండు నిమిషాలు. ఈ రెండింటికే కాలి నొప్పి పెరిగితే ముందుకు పోవద్దు. బాగానే ఉంటే అరచేతులు భుజాల పక్కన ఆనించి, చేతుల బలంతో ఛాతీని నెమ్మదిగా పైకి నెట్టండి, ఒక సెకను ఆగి దిగండి. పదిసార్లు. మొదటి మూడు నాలుగు చిన్నగా చేసి, తర్వాత ఒక్కోసారికి కొంచెం కొంచెం ఎత్తు పెంచండి.

ఇక్కడ తప్పులు ఎక్కువ. మొదటిది, పిరుదులు బిగించడం. పిరుదులు, నడుం పూర్తిగా వదిలేసి ఉండాలి, పని చేసేవి చేతులే. భుజంగాసనంలో వీపు కండరాలతో లేవడం అలవాటున్నవాళ్ళకు ఇదే కష్టం. రెండోది, కటి భాగం నేల నుంచి పైకి లేవడం. లేచిందంటే వంగేది నడుం కాదు, ఒళ్ళంతా ఒక పలకలా లేస్తోంది. బెల్టు బకిల్ ఉండే చోటు చాపకు ఆనుకునే ఉందా అని ఇంట్లో ఎవర్నైనా చూడమనండి. మూడోది, రోజుకోసారి యాభై చేసి ఊరుకోవడం. ఇది యాభై లెక్క కాదు, పది చొప్పున రోజుకు ఐదారుసార్లు. ఆఫీసులో పడుకోలేరు కాబట్టి అక్కడ నిలబడి చేయండి. కాళ్ళు ఎడంగా, అరచేతులు నడుం కింద వెనక్కి ఆనించి, మోకాళ్ళు వంచకుండా వెనక్కి వాలడం, పదిసార్లు. పడుకుని చేసినంత పనిచేయదు గానీ మధ్యాహ్నం గండం గట్టెక్కిస్తుంది.

రెండు రోజులు ఇలా చేస్తే తేలిపోతుంది. నొప్పి పైకి ఎక్కుతుంటే కొనసాగించండి. ఏ మార్పూ లేకపోతే ఇంకో చిట్కా ఉంది. నొప్పి కుడివైపు కదా, బోర్లా పడుకున్నప్పుడు తుంటిని ఎడమకు నాలుగు అంగుళాలు జరిపి అదే వ్యాయామం చేయండి. ఒకే పక్క నొప్పి ఉన్నవాళ్ళలో కొందరికి ఇలా జరిపితేనే ఫలితం కనిపిస్తుంది.

ఇది చదివి పక్కింటి మామ్మగారికి చెప్పేయకండి. అరవై దాటి, నాలుగడుగులు నడిస్తే రెండు కాళ్ళూ బరువెక్కి, కాస్త కూర్చున్నా, బండి తోసుకుంటూ ముందుకు వంగినా తేలికపడేవాళ్ళది వేరే సమస్య. వెన్నులో నరాల దారి ఇరుకైపోయి ఉంటుంది. వాళ్ళకు వెనక్కి వంగితే ఎక్కువవుతుంది. వాళ్ళు వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పొట్టమీదికి తెచ్చుకోవాలి. గర్భిణులు బోర్లా పడుకునేవి చేయకూడదని వేరే చెప్పక్కర్లేదు.

రెండో పని: ఓపిక పెంచే మూడు

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్ను మీద దశాబ్దాలు పనిచేసిన ప్రొఫెసర్ స్టూవర్ట్ మెక్‌గిల్ ఎంచిన మూడు ఇవి. బలం కోసం కాదు, ఓపిక కోసం. నడుం సాయంత్రం నొప్పి పెట్టేది బరువులెత్తలేక కాదు, కండరాలు అలసిపోయి పనంతా కీళ్ళ మీదికి వదిలేయడం వల్ల. అందుకే ఒక్కోటి 8 నుంచి 10 సెకన్లే పట్టి ఉంచాలి, మధ్యలో ఊపిరి బిగపట్టకూడదు. ముందు 6 సార్లు, కాస్త ఆగి 4, మళ్ళీ ఆగి 2. అలా దిగుతూ రావాలి.

మొదటిది పొట్టకు. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి, రెండోది చాచండి. రెండు అరచేతులూ నడుం కింది ఖాళీలో పెట్టండి, ఆ వంపు అణగకూడదు. తల, భుజాలు ఒకే ముక్కలా రెండు వేళ్ళ ఎత్తు లేవాలి, అంతే. గడ్డం ఛాతీకి తగిలిందంటే మెడతో లేస్తున్నారు. పూర్తిగా లేచి కూర్చునే పాత బడి వ్యాయామం మాత్రం వద్దు, అది డిస్కును నలుపుతుంది.

రెండోది పక్కకు. ఒక పక్కకు పడుకుని, మోచేయి భుజం కింద, మోకాళ్ళు మడిచి, తుంటిని పైకెత్తండి. మోకాలి నుంచి భుజం దాకా ఒకే గీత. భుజం నొప్పి పుడితే మోచేయి భుజానికి దూరంగా పెట్టినట్టే.

మూడోది అందరూ తప్పు చేసేది. చేతులు, మోకాళ్ళ మీద నిలబడి, కుడిచేయి ముందుకు, ఎడమకాలు వెనక్కి చాచాలి. కాలు ఎత్తుగా లేపాలని చూస్తారు, దాంతో నడుం గిన్నెలా కుంగిపోతుంది. కాలు తుంటి ఎత్తుకు మించకూడదు. మడమతో వెనక గోడను తోస్తున్నట్టు చాచండి. నడుం మీద సగం నీళ్ళున్న స్టీలు గ్లాసు పెట్టుకుని చేయండి. అలవాటయ్యేదాకా ఖాళీ గ్లాసు చాలు. అది దొర్లిపడిందంటే నడుం మెలిక తిరిగింది. అద్దం కంటే ఇది నిజం చెప్తుంది. గ్లాసు పడిన ప్రతిసారీ కాలు రెండంగుళాలు తక్కువ ఎత్తండి.

వారం తర్వాత వీటికి తోడు, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులెత్తే వ్యాయామం చేర్చండి, సేతుబంధాసనంలాగే. పదేసి చొప్పున రెండుసార్లు. తొడ వెనక కండరం పట్టేస్తుంటే పాదాలు దూరంగా పెట్టారన్నమాట, దగ్గరికి జరిపి మడమలతో నొక్కండి. అలసట పిరుదుల్లో తెలియాలి, నడుంలో కాదు.

"తొడ వెనక లాగుతోంది, సాగదీయొద్దా?"

మీ విషయంలో అక్కడ లాగేది కండరం కాకపోవచ్చు. నడుం నుంచి పాదందాకా పోయే సయాటిక్ నరం కావచ్చు. చికాకుగా ఉన్న నరాన్ని తువ్వాలు వేసి అరనిమిషం లాగి పట్టుకుంటే రాత్రికి కాలు మండుతుంది. నరాన్ని లాగకూడదు, జరపాలి. కుర్చీలో నిటారుగా కూర్చోండి. కుడి మోకాలు నెమ్మదిగా చాస్తూ, అదే సమయానికి తల పైకెత్తి సీలింగ్ చూడండి. కాలు మడుస్తూ తల కిందికి దించండి. కింద లాగినప్పుడు పైన వదులు, పైన లాగినప్పుడు కింద వదులు. ఎక్కడా పట్టి ఉంచొద్దు. 10 నుంచి 15 సార్లు, రోజుకు రెండు మూడుసార్లు. చిన్న లాగుడు తెలిస్తే సరే, తిమ్మిరి మొదలైతే సగం వరకే చాచండి.

కూర్చుని పనిచేసేవాళ్ళు నిజంగా సాగదీయాల్సినవి తుంటి ముందు కండరాలు. కుడి మోకాలు నేలకు, దాని కింద దిండు, ఎడమ పాదం ముందుకు. ముందుకు వాలకముందే కుడి పిరుదు గట్టిగా బిగించండి. గజ్జల దగ్గర లాగుడు అప్పుడే మొదలవుతుంది. 30 సెకన్లు, ఒక్కో పక్క రెండుసార్లు. పిరుదు బిగించకుండా వాలితే సాగేది తుంటి కాదు, వంగేది నడుం.

వంగడం మళ్ళీ నేర్చుకోవడం

వ్యాయామం రోజుకు గంట, వంగడం రోజుకు వందసార్లు. కాబట్టి గెలిచేది వంగడమే. మాప్ కర్ర తీసుకుని వెన్నుకు నిలువుగా పట్టుకోండి. తల వెనక, భుజాల మధ్య, తోక ఎముక దగ్గర, మూడుచోట్లా తగలాలి. మోకాళ్ళు కొంచెం సడలించి, వెనక ఉన్న తలుపును పిరుదులతో మూస్తున్నట్టు తుంటిని వెనక్కి తోస్తూ వంగండి. మూడింట్లో ఒకచోట కర్ర వదిలిందంటే నడుం వంగింది, అక్కడే ఆగండి. రోజూ పదిసార్లు. ముఖం కడుక్కునేటప్పుడు ఒక చేయి సింకు మీద ఆనించడం, బకెట్టు దగ్గరికి లాక్కుని ఎత్తడం, గ్యాస్ సిలిండర్ ఎత్తకుండా దొర్లించడం, పొట్టి చీపురు బదులు పొడుగు కర్ర చీపురు: ఇవన్నీ దాని పొడిగింపే. మంచం మీంచి లేచేటప్పుడు నేరుగా లేవొద్దు. పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి దించుతూ చేత్తో నెట్టుకుని లేవండి.

నడక

ఎక్కువమంది తేలిగ్గా తీసిపారేసేది ఇది. నొప్పి తగ్గినవాళ్ళకు మళ్ళీ రాకుండా నడక ఎంత పనిచేస్తుందో ఆస్ట్రేలియాలో 701 మంది మీద పరీక్షించి 2024లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా పెంచుకుంటూ నడిచినవాళ్ళలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, నడక కార్యక్రమం లేనివాళ్ళకు 112 రోజులే. ఇప్పుడు మీరు పదేసి నిమిషాలు మూడుసార్లతో మొదలుపెట్టండి. చేతులు భుజాల నుంచి ఊగనివ్వండి, ఫోను జేబులో ఉండాలి. షాపింగ్ మాల్‌లో తిరిగే నడక కాదు, బస్సు అందుకోవాలన్నట్టు నడవాలి. మెల్లగా ఈడ్చుకుంటూ నడిస్తే నడుం మీద బరువు నిలిచిపోతుంది.

మిగతావి త్వరగా

కాపడం పెట్టుకోవచ్చు, 15-20 నిమిషాలు, బ్యాగుకు తువ్వాలు చుట్టి. వావిలాకు కాపడమైనా, ఇసుక మూటైనా, వేడి ఒకటే. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్ళు జాగ్రత్త, కాలినా తెలియదు. బామ్ రాసి దానిమీద వేడి పెట్టొద్దు, బొబ్బలెక్కుతుంది. బెల్టు దూరప్రయాణానికి సరే, రోజంతా వద్దు. నేల మీద పడుకోవడం తప్పనిసరి కాదు. గట్టి పరుపు కంటే మధ్యస్థంగా ఉన్నదే మేలని స్పెయిన్‌లో చేసిన పరీక్షలో 2003లోనే తేలింది. పక్కకు పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోండి. మంచం పట్టి విశ్రాంతి మహా అయితే ఒకటి రెండు రోజులు. నొప్పి బిళ్ళలు మెడికల్ షాపులో అడిగి వారాల తరబడి మింగొద్దు, కిడ్నీ, కడుపు రెండూ పాడవుతాయి. ఇక ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళతో నడుం తన్నించుకోవడం: కండరం పట్టు మామూలుగానే మూడు నాలుగు రోజుల్లో వదులుతుంది, పేరు తన్నినవాళ్ళకు వస్తుంది. కాలిలోకి లాగుతున్న నొప్పికి ఆ పని చేయించుకోవద్దు.

బైకు మీద వెళ్ళేటప్పుడు 20 నిమిషాలకోసారి ఆగి వెనక్కి వంగేది పదిసార్లు చేయండి. బ్యాగు వీపుకు కాక ట్యాంకు మీద పెట్టండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఫుట్‌రెస్టుల మీద కొంచెం లేవండి. కుర్చీలో నడుం వంపు దగ్గర చుట్టిన తువ్వాలు పెట్టుకోండి, మణికట్టంత లావు చాలు.

సరిగ్గా వెళ్తున్నారా లేదా? పదికి మూడు దాకా నొప్పి వ్యాయామంలో వచ్చినా, మర్నాటి పొద్దుటికి మామూలైతే పరవాలేదు. మర్నాడు కూడా మిగిలితే లెక్క సగానికి తగ్గించండి, మానేయొద్దు. రెండు వారాల్లో నొప్పి తొడ నుంచి పిరుదుకైనా రావాలి, షూ లేసు కష్టం కొంతైనా తగ్గాలి. ఆరు వారాలకు కూడా కదలిక లేకపోతే ఫిజియోథెరపిస్టుకు నేరుగా చూపించుకోండి. మధ్యలో ఒకటి రెండుసార్లు తిరగబెడుతుంది, అప్పుడు మూడు రోజులు బోర్లా వ్యాయామం, నడక మాత్రం ఉంచి, మిగతావి ఆపండి.

సూర్యనమస్కారాలు శాశ్వతంగా మానక్కర్లేదు. కాలి నొప్పి పూర్తిగా పోయి రెండు వారాలు గడిచాక, సాయంత్రం పూట, మూడుతో మొదలుపెట్టండి. పాదహస్తాసనంలో మోకాళ్ళు వంచి, చేతులు నేలకు బదులు పీట మీద ఆనించండి. వారానికి ఒకటి చొప్పున పెంచుతూ, నొప్పి పిరుదు దాటి దిగనంతవరకు పోవచ్చు.